ఐదు దాటాక ఏ సర్కారు బడి? ఒకే మండలంలోని బళ్లను పోల్చడంలో ఉన్న చిక్కులు

క్లుప్తంగా: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ బళ్లను పోల్చేటప్పుడు పదో తరగతి ఫలితాలు, భవనాలు, మొత్తం విద్యార్థుల సంఖ్య చూడటం అలవాటు. ఈ మూడూ ఆ మూడేళ్ల చదువు గురించి చెప్పేది తక్కువ. ప్రవేశ పరీక్షతో పిల్లలను తీసుకునే బడినీ, ఊళ్లో అందరినీ చేర్చుకునే బడినీ ఒకే కొలతతో కొలవడం పెద్ద పొరపాటు. ప్రతి సబ్జెక్టుకూ టీచరు ఉన్నారా, ఎనిమిది తర్వాత మళ్లీ బడి మారాలా, పిల్లలు రోజూ వెళ్లి రాగలరా అన్నవి అసలు తేడా చూపే ప్రశ్నలు.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

ఏటా వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఐదో తరగతి పూర్తయిన పిల్లల ఇళ్లకు టీచర్లు కరపత్రాలతో వస్తారు. హైస్కూలు గేటు ముందు ఫ్లెక్సీ వెలుస్తుంది. అందులో పదో తరగతిలో 600కు 580, 590 తెచ్చుకున్న పిల్లల ఫొటోలు ఉంటాయి. పక్కనే గురుకులం, ఆదర్శ పాఠశాల ప్రవేశ నోటిఫికేషన్ల గురించి వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు తిరుగుతుంటాయి. అన్నీ సర్కారు బళ్లే, అన్నిట్లోనూ ఫీజు లేదు, పుస్తకాలూ మధ్యాహ్న భోజనమూ ఉచితమే. మరి తేడా ఏమిటన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకదు.

ఆంధ్రప్రదేశ్‌లో బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము ప్రభుత్వ, ప్రైవేటు బళ్ల పిల్లలకు ఒకేలా వర్తిస్తుంది. కాబట్టి ఆ పథకం ఏ ప్రభుత్వ బడి వైపూ మొగ్గు చూపించదు. ఖర్చు పరంగా తేడా తక్కువ అయినప్పుడు నాణ్యతే మిగులుతుంది. దాన్ని కొలిచే పద్ధతిలోనే చిక్కు ఉంది.

ఆరో తరగతి పిల్లల చదువులో పెద్ద మలుపు. అప్పటిదాకా ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్పేవారు. ఆరులో హిందీ కొత్తగా వస్తుంది, సబ్జెక్టుకో టీచరు వస్తారు. ఎనిమిదికి వచ్చేసరికి సైన్సు భౌతిక, జీవ శాస్త్రాలుగా విడిపోతుంది. లెక్కల్లో భిన్నాలు, రుణ సంఖ్యలు, బీజగణితం ఈ మూడేళ్లలోనే పునాది పడాలి. ఇక్కడ వెనకబడిన పిల్లలు తొమ్మిదిలో అందుకోవడం చాలా కష్టం. చట్టం కూడా ఈ దశకు ఎక్కువ సమయమే కేటాయించింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉంటే చాలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 పనిదినాలు, 1,000 గంటలు ఉండాలి.

ఒకే మండలంలో ఎన్ని రకాలు

ఒక మాదిరి గ్రామీణ మండలంలో ఆరో తరగతి చదివే వీలున్న ప్రభుత్వ బళ్లు కనీసం నాలుగైదు రకాలు ఉంటాయి. మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల ఏడు లేదా ఎనిమిదితో ఆగిపోతుంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పది వరకు ఉంటుంది. పట్టణమైతే మున్సిపల్ హైస్కూలు ఉంటుంది. చాలా మండలాల్లో బాలికల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం, అంటే కేజీబీవీ ఉంది. ఇవి ఆంధ్రప్రదేశ్‌లో 352 ఉన్నాయి. 2013లో మొదలైన ఇంగ్లిష్ మీడియం ఆదర్శ పాఠశాలలు ఆరు నుంచి ఇంటర్ వరకు నడుస్తాయి. తెలంగాణలో ఇవి 194. వీటికి తోడు సాంఘిక సంక్షేమ, బీసీ, గిరిజన, మైనారిటీ గురుకులాలు, ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలు ఉంటాయి. చాలా చోట్ల జిల్లా మొత్తానికి ఒక జవహర్ నవోదయ విద్యాలయం ఉంటుంది.

గురుకులాల మూలం తెలుగు నేలలోనే ఉంది. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. పేదింటి చురుకైన పిల్లలను ఒకచోట చేర్చి చదివించాలన్నది ఆలోచన. ఆ ఆలోచన ఫలించింది. అయితే ఊరి బడితో పోలిక అప్పటి నుంచే అసమానంగా మారింది.

ఎంపిక చేసుకునే బడి, అందరినీ చేర్చుకునే బడి

నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. జిల్లా అంతటి నుంచి వేల మంది పరీక్ష రాస్తే అందులోంచి ఎంపిక చేస్తారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు, మూడో వంతు బాలికలకు కేటాయిస్తారు. ఆదర్శ పాఠశాలలకూ ప్రవేశ పరీక్ష ఉంది. సంక్షేమ గురుకులాల్లో ప్రవేశం సాధారణంగా ఐదో తరగతిలోనే జరుగుతుంది. అంటే ఊరి ప్రాథమిక బడిలో నాలుగు పూర్తయ్యేసరికే ఒక విడత పిల్లలు వెళ్లిపోతారు. ఐదు తర్వాత నవోదయకు, ఆదర్శ పాఠశాలకు మరో విడత. స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ప్రైవేటు బస్సెక్కుతారు. మిగిలినవారు జిల్లా పరిషత్ హైస్కూలుకో, ప్రాథమికోన్నత పాఠశాలకో వస్తారు.

లెక్కగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక ఊళ్లో నాలుగో తరగతిలో 30 మంది ఉన్నారనుకుందాం. చదువులో ముందున్న 10 మందీ రెండు విడతల్లో వెళ్లిపోతే హైస్కూలుకు 20 మంది వస్తారు. వారిలో కొందరు రెండో తరగతి వాచకం కూడా తడుముకుంటూ చదివే స్థితిలో ఉండవచ్చు. మూడేళ్ల తర్వాత గురుకులం పిల్లల సగటు మార్కులు 80, హైస్కూలు పిల్లల సగటు 55 అని తేలితే ఆ తేడా అంతా బోధనది కాదు. అందులో ఎంతో భాగం ఆరో తరగతి మొదటి రోజే ఉంది. తడుముకుంటూ వచ్చిన పిల్లవాడిని 55కు చేర్చిన టీచరు పని, 75తో వచ్చిన వాడిని 80కి చేర్చిన టీచరు పని కంటే గొప్పది కావచ్చు. ఆ పని ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు.

కేజీబీవీలను ఈ కోణంలోంచి విడిగా చూడాలి. అవీ వసతి ఉన్న బళ్లే కాబట్టి చాలామంది వాటిని గురుకులాలతో కలిపి మాట్లాడతారు. కానీ 2004లో ఈ పథకం వచ్చిందే చదువుకు దూరమైన బాలికల కోసం. ప్రవేశంలో అనాథలకు, బడి మానేసినవారికి, పేద కుటుంబాల వారికి ప్రాధాన్యం ఇస్తారు. 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగతావి దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు. గురుకులం వడపోస్తే, కేజీబీవీ వడపోతలో జారిపోయినవారిని చేర్చుకుంటుంది. ఈ రెండింటి ఫలితాలను పక్కపక్కన పెట్టి కేజీబీవీ వెనకబడిందనడం అన్యాయం.

టైంటేబుల్ చెప్పే నిజం

బడిలో అడుగుపెట్టిన తల్లిదండ్రులు ముందుగా చూడాల్సిన కాగితం హెచ్‌ఎం గది గోడ మీద ఉంటుంది. అదే టైంటేబుల్. ఊహించినదానికంటే ఎక్కువ విషయాలు అందులో తెలుస్తాయి.

విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తరగతికి ఒక టీచరైనా ఉండాలి. ఆ టీచర్లలో సైన్సు-లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండేలా చూడాలి. 35 మంది పిల్లలకు ఒక టీచరు అన్నది మరో నిబంధన. పిల్లలు 100 దాటితే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు, కళ, వ్యాయామ, వృత్తి విద్యలకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి.

దీని అర్థం, పిల్లలు తక్కువ ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో పై మూడు తరగతులకు ముగ్గురు టీచర్లే ఉన్నా చట్టం కనీస షరతు తీరినట్టే. అక్కడ టైంటేబుల్ ఎలా ఉంటుందో చూద్దాం. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు అనుకుంటే ఒక్కో తరగతికి 48 పీరియడ్లు. మూడు తరగతులకు 144. ముగ్గురు టీచర్లకు పంచితే ఒక్కొక్కరికి 48. అంటే ఉదయం ప్రార్థన నుంచి సాయంత్రం గంట దాకా ఒక్క పీరియడ్ ఖాళీ లేదు. నోటు పుస్తకాలు దిద్దే సమయం లేదు, వెనకబడిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకునే వీలు లేదు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ ఒక్కరి మీదే పడవచ్చు. ఒకరు శిక్షణకు వెళ్లినా, సెలవు పెట్టినా, ఎన్నికల పనికి పిలిచినా మిగిలిన ఇద్దరూ రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టాల్సిందే.

అదే పెద్ద జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటు లెక్కలే చెబుతారు, హిందీ పండిట్ హిందీయే చెబుతారు. ఒకరు రాకపోయినా సర్దుబాటుకు మనుషులుంటారు. ఈ ఒక్క కారణంతోనే చిన్న ప్రాథమికోన్నత పాఠశాల కంటే మాదిరి హైస్కూలు మేలన్న అభిప్రాయానికి బలముంది. సబ్జెక్టు టీచరు లేని లోటును ఎంత నిబద్ధత ఉన్న ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) అయినా పూర్తిగా పూడ్చలేరు.

అయితే హైస్కూలుకూ ఒక బలహీనత ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. డిసెంబరు వచ్చేసరికి బడి మొత్తం దృష్టి పదో తరగతి మీదకు మళ్లుతుంది. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, పర్యవేక్షణ అంతా అక్కడే. అధికారులు సమీక్షల్లో అడిగేదీ ఆ శాతమే. అనుభవజ్ఞులైన టీచర్లు తొమ్మిది, పది తీసుకుంటే ఆరు, ఏడు తరగతులు కొత్తవారికి మిగులుతాయి. కొన్నిసార్లు ఆ పీరియడ్లే సర్దుబాటుకు బలవుతాయి. కాబట్టి పదిలో మంచి శాతం వచ్చిన బడిలో ఆరో తరగతి కూడా బాగా నడుస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఫిబ్రవరిలో ఏడో తరగతి పిల్లల లెక్కల నోటు పుస్తకం తెరిచి, చివరిగా దిద్దిన తేదీ ఏదో చూస్తే పదో తరగతి ఫలితం కంటే నికరమైన సమాచారం దొరుకుతుంది.

టీచర్ల విషయంలో మరో సూక్ష్మం ఉంది. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు అన్నవి మూడు వేర్వేరు అంకెలు. పనిచేస్తున్నవారిలో కూడా డెప్యుటేషన్‌ మీదో, పని సర్దుబాటు కింద పక్క బడికో వెళ్లినవారు ఉంటారు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులతో డీఎస్సీ నియామకాలు జరిగాయి. వాటివల్ల చాలా ఖాళీలు నిండాయి. కాబట్టి ఆ నియామకాలకు ముందటి సమాచారంతో ఒక బడిని కొట్టిపారేయడం సరికాదు. ఈ జూన్‌లో ఎవరున్నారో కనుక్కోవాలి.

సంఖ్యలు ఎందుకు ఊగిసలాడాయి

"ఆ బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు, అంటే అది బాగోలేదు" అన్న తీర్పు చాలా చోట్ల వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ విషయంలో ఈ తీర్పు ముఖ్యంగా జాగ్రత్తగా ఇవ్వాలి. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం ప్రాథమిక బళ్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలా చోట్ల దగ్గరి హైస్కూళ్లలో కలిపారు. హైస్కూళ్లలో పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాల నుంచి వ్యతిరేకత వచ్చింది. 2025లో ఆ జీవోను ఉపసంహరించి బళ్లను కొత్తగా వర్గీకరించారు. ఆ క్రమంలో కొన్ని ప్రాథమికోన్నత పాఠశాలల స్థాయి కూడా మారింది. మూడు తరగతులు వచ్చి చేరినా, తిరిగి వెళ్లినా హైస్కూలు మొత్తం సంఖ్య మారుతుంది. దానికి చదువు నాణ్యతతో సంబంధం లేదు. పోల్చాలనుకుంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సంఖ్యలను మాత్రమే విడదీసి చూడాలి.

నిజంగానే పిల్లలు తగ్గిన బళ్లలో ఒక విషచక్రం పనిచేస్తుంది. పిల్లలు తగ్గితే, పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే హేతుబద్ధీకరణలో పోస్టు పోతుంది. పోస్టు పోతే సబ్జెక్టు టీచరు ఉండరు. టీచరు లేరని మరికొందరు తల్లిదండ్రులు టీసీ తీసుకుంటారు. మరుసటి ఏడాది ఇంకో పోస్టు పోతుంది. ఇక్కడ ఎవరి తప్పూ లేకుండానే బడి చితికిపోతుంది. ప్రతి కుటుంబం తీసుకున్న నిర్ణయం తన వరకు సబబే, కానీ అన్నీ కలిసి చివరికి వెళ్లలేని ఇళ్ల పిల్లల మీద భారం మోపుతాయి.

చిన్న సంఖ్యలతో శాతాలు కూడా మోసం చేస్తాయి. ఎనిమిదిలో 12 మంది ఉన్న బడిలో ఒక్క పిల్లవాడు అటూ ఇటూ అయితే ఫలితం 8 శాతం మారుతుంది. అలాంటి బడిని ఒక ఏడాది అంకెతో తూచడం కుదరదు, మూడు నాలుగేళ్లు కలిపి చూడాలి.

అందుబాటులో ఉన్న సమాచారం ఏం చెబుతుంది

దేశంలోని ప్రతి బడికీ దాన్ని గుర్తించే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బళ్ల కోడ్ 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. ఆ కోడ్‌తో యూడైస్ ప్లస్ పోర్టల్‌లో బడి రిపోర్టు కార్డు చూడవచ్చు. తరగతి వారీ పిల్లల సంఖ్య, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, గ్రంథాలయం, కంప్యూటర్ల వివరాలు అందులో ఉంటాయి. ఈ వివరాలు నింపేది బడి వారే. గ్రంథాలయం ఉందని రాసిన చోట పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉండవచ్చు. పైగా పిల్లలకు ఏం వచ్చో ఈ కార్డు చెప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన మన ఊరు-మన బడి కింద బళ్లను బాగుచేసిన తర్వాత చాలా బళ్ల రూపం మారింది. మంచినీళ్లు, మరుగుదొడ్లు, ఫర్నిచర్ ముఖ్యమే, ముఖ్యంగా ఎదిగే ఆడపిల్లలకు. కానీ రంగు వేసిన భవనాలు పెరిగిన కొద్దీ భవనం ఆధారంగా బళ్ల మధ్య తేడా చూపడం తగ్గిపోయింది.

పిల్లల సామర్థ్యాలను కొలిచే సర్వేలు ఉన్నాయి. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగిన పరఖ్ సర్వే అలాంటివే. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వే జిల్లాకు 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు ఎంచుకుని పిల్లలను ఇంటి దగ్గరే పరీక్షిస్తుంది. ఇవన్నీ నమూనా సర్వేలు. జిల్లా, రాష్ట్ర స్థితి చెబుతాయి గానీ ఫలానా ఊరి బడి ఎలా ఉందో చెప్పలేవు. ఇక బడిలో ఏడాది పొడవునా జరిగే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షల మార్కులు దిద్దేది ఆ బడి టీచర్లే. ఒక బడిలో చేయి బిగించి వేస్తారు, మరో బడిలో ధారాళంగా వేస్తారు. వాటితో రెండు బళ్లను పోల్చలేం.

ఈ లోటు మధ్య ఒక్క అంకె కొంత ఉపయోగపడుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష అందరికీ ఒకటే, దిద్దేదీ బయటివారే. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షలు మించని ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ల పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నవోదయ, ప్రభుత్వ వసతి గురుకులాల పిల్లలకు అర్హత లేదు కాబట్టి ఊరి బళ్ల మధ్య పోలికకు ఇది అనువుగా ఉంటుంది. ఎంతమంది ఎంపికయ్యారన్నదే కాకుండా, ఎనిమిదిలో ఎంతమంది చేత దరఖాస్తు చేయించారన్నది అడగాలి. 40 మందిలో 30 మంది చేత రాయించిన బడికీ, ముగ్గురిని ఎంచి రాయించిన బడికీ ఆలోచనలోనే తేడా ఉంది.

దూరం, బస్సు, ఆడపిల్లలు

ప్రాథమికోన్నత స్థాయి బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది విద్యాహక్కు నిబంధనల్లోని ప్రమాణం. మగపిల్లవాడికి సైకిలు దూరమైన ఆ 3 కిలోమీటర్లు, చీకటి పడే డిసెంబరు సాయంత్రం ఆడపిల్లకు అంత తేలిక కాదు. ఎనిమిదితో ఆగిపోయే బడిలో చేరితే తొమ్మిదికి మళ్లీ కొత్త బడి, కొత్త దారి. చదువు మాన్పించే నిర్ణయాలు ఇలాంటి మలుపుల దగ్గరే జరుగుతుంటాయి. ఆరు నుంచి పది వరకు ఒకేచోట ఉన్న హైస్కూలుకు ఉన్న రెండో పెద్ద మేలు ఈ మలుపు లేకపోవడమే.

మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఈ లెక్కను కొంత మార్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి అమల్లోకి వచ్చాక, పల్లెవెలుగు బస్సు ఉన్న ఊళ్ల బాలికలకు మండల కేంద్రం బడి ఖర్చు లేకుండా అందుబాటులోకి వచ్చింది. బస్సు వేళ మాత్రం చూసుకోవాలి. సాయంత్రం ప్రత్యేక తరగతి అయ్యేసరికి చివరి బస్సు వెళ్లిపోతే ఆ అమ్మాయి తరగతి వదులుకుంటుంది, లేదంటే బడే వదులుకుంటుంది. బస్సు లేని ఊళ్లకు, తల్లిదండ్రులు వలస వెళ్లే ఇళ్లకు కేజీబీవీ సరైన జవాబు కావచ్చు. పదకొండేళ్ల పిల్లను ఇంటికి దూరంగా ఉంచడం అందరికీ కుదరదు, ఆ పిల్ల ఇష్టం కూడా అడగాలి.

పోలికకు కావలసిన అంకె

తల్లిదండ్రుల చేతిలో ఇప్పటికే కొన్ని హక్కులున్నాయి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున ఖాళీ పోస్టులు ఎన్ని, హిందీకి ఎవరున్నారు, ఆరులో చేరిన పిల్లల్లో వాచకం చదవలేనివారు ఎందరు, వారికోసం ఏ పీరియడ్ కేటాయించారు అని అడగవచ్చు. ఈ చివరి ప్రశ్నకు పేర్లతో సహా జవాబు చెప్పగల హెచ్‌ఎం ఉన్న బడి మంచి బడే, దాని పదో తరగతి శాతం ఎంతైనా.

ప్రభుత్వం చేయగలిగింది ఇంకా ఉంది. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ప్రోగ్రెస్ 8 అనే కొలమానం వాడారు. అది పిల్లలు మాధ్యమిక బడిలో చేరేనాటి స్థాయిని, పదహారేళ్లకు చేరిన స్థాయిని పోల్చి, అదే స్థాయిలో మొదలైన ఇతర పిల్లల కంటే ఎంత ముందుకు వెళ్లారో చూస్తుంది. దానిమీదా విమర్శలు వచ్చాయి, ముఖ్యంగా పేదరికాన్ని లెక్కలోకి తీసుకోలేదని. అయినా ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారన్న ప్రశ్న సరైనది. మన దగ్గర యూడైస్ ప్లస్ 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరాలు విడిగా నమోదవుతున్నాయి. ఆరో తరగతి జూన్‌లో ఒక సాధారణ పరీక్ష, ఎనిమిది చివర అదే ప్రమాణంతో మరొకటి పెట్టి, రెండూ పక్క మండలం టీచర్ల చేత దిద్దించి, బడి వారీగా తేడా ప్రకటించడానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు. పిల్లల పేర్లు బయటపెట్టకుండా, మూడేళ్ల సగటుగా ఇస్తే చిన్న బళ్లకూ అన్యాయం జరగదు. అలా చేసిన మండలంలో తడుముకుంటూ వచ్చిన 20 మందినీ ముందుకు నడిపిన జిల్లా పరిషత్ హైస్కూలు తన గేటు ముందు పెట్టుకునే ఫ్లెక్సీలో ఆ అంకె ఉంటుంది.